మత్తు నుండి మరలివచ్చే సోదరుడు: మన చరిత్ర నేర్పే పాఠం

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయనే మనల్ని సృష్టించాడు, మనకు బుద్ధిని ప్రసాదించాడు, దారి తప్పినవాడు తిరిగి వచ్చేందుకు తౌబా ద్వారాన్ని తెరచి ఉంచాడు. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మత్తు హరామ్ అని మనలో తెలియనివారు లేరు. మక్తబ్‌కు వెళ్ళే పసివాణ్ణి అడిగినా చెబుతాడు. అయినప్పటికీ మన వాడలలో, మన బంధువర్గంలో, ఒక్కొక్కసారి మన ఇంటిలోనే మద్యానికో, గంజాయికో, కల్తీ కల్లుకో, నిద్రమాత్రలకో బానిసైనవాడు కనిపిస్తాడు. అది హరామ్ అని అతనికీ తెలుసు. రాత్రి కన్నీళ్ళతో తౌబా చేస్తాడు, మరునాటి సాయంత్రం మళ్ళీ అటే నడుస్తాడు. తెలిసీ ఎందుకు మానలేకపోతున్నాడు? అతని పట్ల మన బాధ్యత ఏమిటి?

ఈ ప్రశ్నలకు సమాజంలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. వాడు చెడిపోయాడు, వదిలేయండి అనేది ఒకటి. పాపం వాడేం చేస్తాడు, ఏమీ అనకండి అనేది రెండవది. మొదటి జవాబు మనిషిని పోగొడుతుంది, రెండవది పాపాన్ని పెంచుతుంది. మన పూర్వీకులు ఈ రెండింటికీ భిన్నమైన మార్గంలో నడిచారు. దైవప్రవక్త (స) కాలపు మదీనా మొదలుకొని 19వ శతాబ్దపు డమాస్కస్ వరకు ఆ మార్గపు ఆనవాళ్ళు స్పష్టంగా ఉన్నాయి. ఈ జుమా నాడు వాటిని క్రమంగా పరిశీలిద్దాం.

పదిహేనేళ్ళ శిక్షణ

ఇస్లాంకు పూర్వపు అరబ్బు సమాజంలో మద్యం విందులో, వ్యాపారంలో, కవిత్వంలో, అతిథి మర్యాదలో కలిసిపోయిన వస్తువు. ఖర్జూరం పండే ప్రతి ఊరిలో అది తయారయ్యేది. సిరియా నుండి ద్రాక్ష మద్యం ఒంటెల బిడారుల మీద వచ్చేది. అటువంటి జాతికి అల్లాహ్ మొదటి రోజే మద్యనిషేధాన్ని విధించలేదు.

దైవదౌత్యం 610లో ప్రారంభమైంది. ఉహుద్ యుద్ధం 625లో జరిగింది. ఉహుద్ నాటి ఉదయం మద్యం సేవించి, అదే రోజు వీరమరణం పొందిన సహాబాలు ఉన్నారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ద్వారా సహీహ్ బుఖారీలో తెలుస్తోంది. అంటే మొదటి వహీ అవతరించి పదిహేనేళ్ళు గడిచినా తుది నిషేధం ఇంకా రాలేదన్నమాట. ఎందుకు? విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) దీనికి కారణం వివరించారు. మొదట స్వర్గనరకాల ప్రస్తావన గల సూరాలు అవతరించాయని, ప్రజల హృదయాలు ఇస్లాం వైపు మరలి కుదుటపడ్డాక హలాల్, హరామ్ ఆజ్ఞలు వచ్చాయని, ప్రారంభంలోనే మద్యం తాగవద్దని ఆదేశించి ఉంటే తాము ఎన్నటికీ మానబోమని జనం అనేవారని ఆమె తెలిపారు. మానవ స్వభావాన్ని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. విడిచిపెట్టమని చెప్పేముందు, విడిచిపెట్టగల బలాన్ని హృదయంలో నింపాలి.

ఆ తర్వాత ఆజ్ఞలు మెట్టుమెట్టుగా వచ్చాయి. అల్ బఖరా సూరా 219వ ఆయతులో మద్యంలో, జూదంలో కొంత ప్రయోజనం ఉన్నా వాటి పాపం అంతకంటే పెద్దదని తెలియజేయబడింది. కొందరు అప్పుడే మానుకున్నారు, కొందరు మానలేదు. ఒక విందు తర్వాత నమాజు చదివించిన వ్యక్తి మత్తు వలన ఖుర్ఆన్ పారాయణంలో తడబడిన సంఘటన జరిగింది. అప్పుడు అన్ నిసా సూరా 43వ ఆయతు అవతరించి, మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు రావద్దని ఆదేశించింది.

ఈ రెండవ మెట్టులోని వివేకాన్ని గమనించండి. రోజుకు ఐదు నమాజులు. జుహర్ నుండి ఇషా వరకు ఒక నమాజుకు, మరొక నమాజుకు మధ్య వ్యవధి స్వల్పం. ఆ సమయంలో తాగితే తర్వాతి నమాజు వేళకు మత్తు దిగదు. కాబట్టి ఇషా తర్వాతనో, ఫజ్ర్ తర్వాతనో తప్ప తాగడానికి వీలు లేకుండా పోయింది. పగలంతా పాత్ర ముట్టకుండా ఉండడం శరీరానికి అలవాటయింది. మూడవ మెట్టుగా అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు వచ్చి మద్యాన్ని షైతాన్ చేష్టగా, శత్రుత్వాన్ని రగిలించి దైవస్మరణ నుండి, నమాజు నుండి ఆపే సాధనంగా ప్రకటించాయి. ఇకనైనా మానుకుంటారా అన్న ఆ ప్రశ్న విని, తాము మానుకున్నామని హజ్రత్ ఉమర్ (రజి) విన్నవించుకున్నారు.

ఆ రోజు హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంటిలో అతిథులకు ఖర్జూర మద్యం అందిస్తున్నది హజ్రత్ అనస్ (రజి). వీధిలో చాటింపు వినిపించగానే, బయటికి వెళ్ళి దానిని పారబోయమని అబూ తల్హా (రజి) చెప్పారు. ఆనాడు మద్యం మదీనా వీధులలో ప్రవహించిందని అనస్ (రజి) స్వయంగా ఉల్లేఖించారు. ఆ దృశ్యాన్ని మనం తరచుగా గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే ఆ ఒక్క రోజు వెనుక ఉన్న పదిహేనేళ్ళను మరచిపోయి, మన యువకుణ్ణి మాత్రం ఒక్క రోజులో మారమని అడుగుతున్నాం.

మరొక విషయం. నిషేధం వచ్చాక సహాబాలకు ఒక దిగులు పట్టుకుంది. మద్యం కడుపులో ఉండగానే ఉహుద్‌లో మరణించిన సోదరుల గతి ఏమిటి? దానికి సమాధానంగా అల్ మాయిదా సూరా 93వ ఆయతు అవతరించి, విశ్వసించి సత్కార్యాలు చేసినవారిపై గతంలో సేవించిన దాని విషయంలో దోషం లేదని ఊరట కలిగించింది. గడిచిన కాలాన్ని తవ్వి మనిషిని దానికే కట్టివేయడం దైవధర్మపు రీతి కాదు.

పాత్రలను కూడా దూరం చేసిన వివేకం

తూర్పు అరేబియా నుండి అబ్దుల్ ఖైస్ తెగ ప్రతినిధి బృందం మదీనాకు వచ్చినప్పుడు దైవప్రవక్త (స) వారికి విశ్వాసపు మూల విషయాలతోపాటు ఒక ప్రత్యేకమైన ఆదేశం ఇచ్చారు. ఎండిన సొరకాయ బుర్ర, పచ్చటి మట్టిజాడీ, ఖర్జూరపు మొద్దును తొలిచి చేసిన తొట్టి, కీలు పూసిన పాత్ర, ఈ నాలుగింటిలో ఖర్జూరాలు నానబెట్టిన పానీయాన్ని ఉంచవద్దని వారించారు. ఖర్జూరాలు, ఎండుద్రాక్షలు నానబెట్టిన నీరు స్వతహాగా హలాలే. కాని ఆ పాత్రలలో అది త్వరగా పులిసి, తాగేవారికి తెలియకుండానే మత్తు పానీయంగా మారిపోతుంది. పైగా అవి పాత అలవాటుకు చెందిన పాత్రలు. వాటిని చూస్తేనే పాత రుచి జ్ఞాపకం వస్తుంది.

కొంతకాలం గడిచి, ప్రజల మనసులు స్థిరపడ్డాక ఆయన (స) ఆ నిషేధాన్ని సడలించారు. ఏ పాత్రలోనైనా తాగవచ్చునని, మత్తు కలిగించేది మాత్రం హరామేనని తెలిపారు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది.

నేటి వైద్యులు వ్యసనం నుండి కోలుకుంటున్నవారికి ఇదే చెబుతారు. మొదటి నెలలలో ఆ పాత దుకాణం ఉన్న వీధిలో నడవకు, ఆ పాత మిత్రులతో కూర్చోకు, చేతిలో అనవసరంగా డబ్బు ఉంచుకోకు అంటారు. మత్తు మెదడులోని సుఖానుభూతి వ్యవస్థను తన వశం చేసుకుంటుంది. కొద్దికాలానికి అదే మోతాదు చాలదు, పెంచవలసి వస్తుంది. మానితే శరీరం తిరగబడుతుంది. మానిన చాలాకాలం తర్వాత కూడా ఒక వాసన, ఒక స్థలం, ఒక స్నేహితుడి పిలుపు ఆ పాత కోరికను లేపగలవు. అందుచేత మనిషి నిలదొక్కుకునే వరకు పాత్రను కూడా దూరంగా ఉంచాలి.

మళ్ళీ మళ్ళీ తప్పినవాడు

మదీనాలో అందరూ ఆ ఒక్క రోజుతో మానేశారా? లేదు. హదీసు గ్రంథాలు ఈ విషయాన్ని దాచలేదు.

అబ్దుల్లాహ్ అనే ఒక సహాబీ ఉండేవారు. ఆయన తన మాటలతో, చేష్టలతో దైవప్రవక్త (స)ను నవ్వించేవారు. ఆయనకు మద్యం అలవాటు పోలేదు. పలుమార్లు పట్టుబడ్డారు, ప్రతిసారీ శిక్ష పొందారు. ఒకసారి అలా శిక్ష పొందినప్పుడు అక్కడున్న ఒక వ్యక్తి, ఎన్నిసార్లు తీసుకురావలసి వస్తోందని విసుగు చెంది ఆయనను శపించాడు. దైవప్రవక్త (స) వెంటనే వారించారు. అతణ్ణి శపించవద్దని, అతడు అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తాడన్న సంగతి తమకు తెలుసునని అల్లాహ్ సాక్షిగా పలికారు. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో నమోదయింది.

ఈ సంఘటనలో మూడు విషయాలు ఉన్నాయి. శిక్ష తప్పలేదు, అంటే నేరం నేరంగానే నిలిచింది. వ్యసనం పదేపదే తిరిగి వచ్చింది, అయినా ఆ మనిషి సమాజం నుండి వెలి కాలేదు. అన్నింటికంటే ముఖ్యంగా, హరామ్‌లో చిక్కుకున్న మనిషి హృదయంలో కూడా అల్లాహ్ పట్ల ప్రేమ ఉండగలదని సాక్షాత్తు దైవప్రవక్త (స) సాక్ష్యమిచ్చారు. మద్యం విషయంలో తాగేవారిని, తయారుచేసేవారిని, అమ్మేవారిని సాధారణంగా శపించిన హదీసులు లేకపోలేదు. అయితే చేష్టను ఖండించడం వేరు, ఎదుట నిలిచిన ఫలానా వ్యక్తిని పేరుపెట్టి శపించడం వేరు అని హదీసు వ్యాఖ్యాతలు వివరించారు.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన మరో సంఘటనలోనూ ఇదే బోధ ఉంది. మద్యం తాగి శిక్ష పొందిన వ్యక్తిని అల్లాహ్ అవమానపరచుగాక అని కొందరు అన్నప్పుడు, తమ సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు సహాయపడవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అతనికి క్షమాపణ, కారుణ్యం లభించాలని దుఆ చేయమని నేర్పారు. షైతాన్ కోరేదేమిటి? ఆ మనిషి తనపై తాను ఆశ వదులుకోవడం. మన హేళన, మన దూషణ ఆ పనిని సులభం చేస్తాయి.

ఉమర్ (రజి) రాసిన లేఖ

ఇస్లామీయ చరిత్రలో కఠినమైన పాలకుడు ఎవరని అడిగితే చాలామంది హజ్రత్ ఉమర్ (రజి) పేరే చెబుతారు. ఆ ఉమర్ (రజి) ఒక వ్యసనపీడితుని విషయంలో ఏమి చేశారో ఇమామ్ ఇబ్నె కసీర్ (రహ్మ) తమ తఫ్సీర్‌లో, అల్ మూమిన్ సూరా వివరణలో పేర్కొన్నారు.

సిరియా దేశస్థుడైన ఒక ధీరుడు ఖలీఫా వద్దకు వస్తూ పోతూ ఉండేవాడు. కొంతకాలంగా కనిపించకపోయేసరికి ఆయన ఆరా తీశారు. తాగుడులో పడ్డాడని చెప్పారు. ఖలీఫా లేఖకుణ్ణి పిలిపించారు. ఆ లేఖలో సలాం ఉంది, అల్లాహ్ స్తోత్రం ఉంది, అల్ మూమిన్ సూరా ప్రారంభంలోని దైవగుణాల ప్రస్తావన ఉంది. పాపాలను క్షమించేవాడు, తౌబాను స్వీకరించేవాడు, కఠినంగా శిక్షించేవాడు, అనుగ్రహాలు గలవాడు అనే ఆ గుణాలలో ఆశా ఉంది, భయమూ ఉంది. తిట్టు మాత్రం లేదు. లేఖ పంపించాక ఖలీఫా తన చుట్టూ ఉన్నవారితో, ఆ సోదరుని హృదయం మరలేలా, అల్లాహ్ అతని తౌబాను స్వీకరించేలా దుఆ చేయమని కోరారు.

లేఖ చేరింది. ఆ మనిషి దానిని పదేపదే చదువుకున్నాడు. అల్లాహ్ తనను శిక్ష గురించి హెచ్చరించాడు, క్షమాపణను కూడా వాగ్దానం చేశాడని తలచి ఏడ్చాడు. తాగుడు మాని చక్కగా జీవించాడు. ఈ వార్త తెలిసినప్పుడు ఖలీఫా, సోదరుడు జారిపడితే ఇలాగే వ్యవహరించాలని, అతణ్ణి నిలబెట్టాలని, అతని కోసం దుఆ చేయాలని, అతనికి వ్యతిరేకంగా షైతాన్‌కు సహాయకులు కావద్దని ఉపదేశించారు. చిన్ననాటి పాఠం కాదు ఇది. మదీనాలో దైవప్రవక్త (స) నోట విన్న మాటనే ఆయన పాలకునిగా ఆచరించి చూపారు.

ఈ కథనంలో మొదటి మెట్టు లేఖ కాదు. ఫలానా మనిషి ఎందుకు కనిపించడం లేదని అడగడమే మొదటి మెట్టు. ఒక విశాల సామ్రాజ్యాన్ని ఏలుతున్న ఖలీఫాకు ఒక మనిషి రాకపోవడం తెలిసింది. మన మస్జిద్‌లో మూడవ వరుసలో నిలిచే యువకుడు మూడు నెలలుగా రావడం లేదంటే మనలో ఎంతమందికి తెలుస్తోంది?

అదే కాలంలో ఖాదిసియా యుద్ధం జరిగింది. సఖీఫ్ తెగకు చెందిన అబూ మిహ్‌జన్ (రజి) వీరుడు, కవి. మద్యం విషయంలో పలుమార్లు శిక్ష పొందినవారు. ఆ యుద్ధ సమయంలో సేనాధిపతి హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆదేశం మేరకు సంకెళ్ళలో ఉన్నారు. యుద్ధపు హోరు విని తట్టుకోలేక, సఅద్ (రజి) సతీమణి సల్మాను ప్రాధేయపడ్డారు. బ్రతికి ఉంటే తిరిగి వచ్చి స్వయంగా సంకెళ్ళు తొడుక్కుంటానని మాట ఇచ్చారు. ఆమె నమ్మారు. ఆయన వెళ్ళారు, పోరాడారు, మాట ప్రకారం తిరిగి వచ్చారు. విషయం తెలిసి సఅద్ (రజి) ఆయనను విడిచిపెట్టారని, అప్పుడు తాను ఇక మద్యం ముట్టబోనని అబూ మిహ్‌జన్ (రజి) ప్రకటించారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. దెబ్బలు చేయలేని పనిని ఒక నమ్మకం చేసింది.

నల్లమందు కాలంలో వైద్యులు, ఫుఖహాలు

శతాబ్దాలు గడిచాయి. ముస్లిం దేశాలలో మద్యంతోపాటు మరొక బెడద పెరిగింది. అదే నల్లమందు. దానిని మొదట నొప్పికి, విరేచనాలకు, నిద్రకు మందుగా వాడేవారు. మందుగా వచ్చిన వస్తువే యజమాని అయింది. 973లో జన్మించి 1048 ప్రాంతంలో మరణించిన మహా విజ్ఞాని అల్ బీరూనీ తమ ఔషధ గ్రంథంలో దీనిని గుర్తించారు. వేడి ప్రాంతాల ప్రజలు, ముఖ్యంగా మక్కావాసులు, ఎండ తాపం తగ్గడానికి, గాఢనిద్రకు నల్లమందు తింటారని, కొద్ది మోతాదుతో ప్రారంభించి ప్రాణాంతకమైన మోతాదు వరకు పెంచుకుంటూ పోతారని రాశారు. వ్యసనపు ముఖ్య లక్షణాన్ని, అంటే మోతాదు పెరుగుతూ పోవడాన్ని, వేయి సంవత్సరాల క్రితమే ఒక ముస్లిం విద్వాంసుడు నమోదు చేశారు.

16వ శతాబ్దంలో ఇరాన్ వైద్యుడు ఇమాదుద్దీన్ మహ్‌మూద్ షీరాజీ నల్లమందుపైనే ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు. ఆయన స్వయంగా ఆ అలవాటులో చిక్కుకున్నవారు. అందులో నల్లమందు గుణదోషాలతోపాటు దానిని క్రమక్రమంగా తగ్గించి మానే పద్ధతిని కూడా చర్చించారు.

అదే శతాబ్దంలో మక్కాలో నివసించిన షాఫయీ ఫఖీహ్ ఇబ్నె హజర్ హైతమీ (రహ్మ) ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. నల్లమందు వంటి దానికి ఒకడు బానిసయ్యాడు. తినకపోతే చనిపోయే స్థితికి చేరాడు. అతడు ఏమి చేయాలి? ఆయన ఇచ్చిన ఫత్వా సారాంశం ఇది. మానితే ప్రాణం పోతుందని నిశ్చయంగా తెలిసినట్లయితే, ఆకలితో చావబోయేవానికి చచ్చిన జంతువు మాంసం అనుమతించబడినట్లే, ప్రాణం నిలుపుకోవడానికి అది అతనికి అనుమతించబడుతుంది, పైగా విధి అవుతుంది. కాని దానిని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, శరీరానికి తెలియకుండానే ఆ తహతహ పోయేవరకు కృషి చేయడం కూడా అతనిపై విధి. తగ్గించే ప్రయత్నం చేయకపోతే అతడు పాపి.

డమాస్కస్ నగరానికి చెందిన హనఫీ ఫఖీహ్ ఇబ్నె ఆబిదీన్ షామీ (రహ్మ) 1836లో మరణించారు. ఆయన గ్రంథం రద్దుల్ ముహ్తార్ నేటికీ మన దేశపు దారుల్ ఇఫ్తాలలో ఫత్వాలకు ఆధారంగా ఉంది. ఆయన ఇబ్నె హజర్ ఫత్వాను అందులో ఉటంకించారు. హనఫీ నియమాలు దీనికి విరుద్ధం కావని రమ్లీ (రహ్మ) చెప్పిన మాటను కూడా జోడించారు.

సోదరులారా! ఈ ఫత్వాలోని సమతూకాన్ని చూడండి. హరామ్ అనే మాట ఒక్క అక్షరం కూడా సడలలేదు. అదే సమయంలో మనిషి ప్రాణానికి విలువ ఇవ్వబడింది. అతనికి ఒక మార్గం, ఒక క్రమం చూపబడ్డాయి. ఆ మార్గంలో నడవడం అతని బాధ్యతగా నిర్ణయించబడింది. వైద్యుని మాట, ఫఖీహ్ మాట ఒక్కచోట కలిశాయి.

మన నేల మీద

ఈ పాఠం తెలుగు నేలకు ఎంత అవసరమో ఇటీవలి చరిత్రే చెబుతుంది. తెలంగాణ పల్లెలలో అమ్ముడయ్యే కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలపడం చాలాకాలంగా ఉన్న దురాచారం. 2015లో కల్తీ కల్లుపై అధికారులు దాడులు జరిపి సరఫరా ఆగినప్పుడు, దానికి అలవాటుపడినవారు వణుకుతో, మతిభ్రమతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు హఠాత్తుగా మూతపడినప్పుడు కూడా హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అటువంటి రోగులు బారులు తీరారు. మద్యాన్ని, నిద్రమాత్రల జాతి మందులను దీర్ఘకాలం వాడినవారు ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చునని వైద్యశాస్త్రం చెబుతోంది. మక్కా ఫఖీహ్ ముందుకు వచ్చిన ప్రశ్న ఇక్కడ, మన కాలంలో, మన కళ్ళ ముందు నిలిచింది.

చట్టం విషయం కూడా చూద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలయ్యాయి. 1997లో ఆ నిషేధం సడలింది. ఆ స్త్రీల పోరాటం గౌరవింపదగినది. అయితే దుకాణం మూయడం ఎంత అవసరమో, తాగే చేతిని పట్టుకొని నడిపించే మనుషులు ఉండడం కూడా అంతే అవసరం. మదీనాలో ఆ రెండూ కలిసి నడిచాయి.

మన కర్తవ్యం

కాబట్టి సోదరులారా, మన పూర్వీకుల అడుగుజాడలలో మనం చేయవలసిన పనులు ఇవి.

మొదటిది, మన నాలుకను అదుపులో ఉంచుకోవాలి. తాగుబోతు, గంజాయివాడు అనే పేర్లు మన నోట రాకూడదు. మద్యం తాగిన స్థితిలో మస్జిద్‌కు రాకూడదనేది ఖుర్ఆన్ ఆజ్ఞ. కాని మత్తు దిగి, స్నానం చేసి, సిగ్గుతో వెనుక వరుసలో నిలబడినవాణ్ణి వింతగా చూసే హక్కు మనకు లేదు.

రెండవది, వ్యాధికి చికిత్స చేయించాలి. మద్యాన్ని మందుగా వాడవచ్చునా అని హజ్రత్ తారిఖ్ బిన్ సువైద్ (రజి) అడిగినప్పుడు, అది మందు కాదు, రోగమని దైవప్రవక్త (స) తెలిపారు. రోగమైతే వైద్యుని వద్దకు వెళ్ళాలి. కొడుకును గదిలో పెట్టి తాళం వేయడం, గొలుసులతో కట్టివేయడం చికిత్స కాదు. పైన చెప్పుకున్నట్లు అది ప్రాణం మీదికి కూడా తేవచ్చు. నల్లమందు జాతి మత్తుకు బానిసైనవారి విషయంలో మరొక ప్రమాదం ఉంది. కొంతకాలం మానినవాని శరీరం పాత మోతాదును ఓర్చుకోలేదు. మళ్ళీ జారి అదే మోతాదు తీసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. అందువల్ల మానిన తర్వాతి నెలలలోనే కనిపెట్టుకొని ఉండడం ఎక్కువ అవసరం. కోరికను అణచడానికి వైద్యులు కొన్ని మందులు ఇస్తారు. వాటి విషయంలో సందేహం ఉంటే, మానివేయకుండా, వైద్యుణ్ణి, ఉలమాను కలిపి సంప్రదించండి.

మూడవది, పరువు భయంతో రోగాన్ని దాచవద్దు. సోదరుని లోపాన్ని కప్పిపుచ్చడం మన ధర్మం. కాని కప్పిపుచ్చడమంటే పదిమందిలో చాటకపోవడం, చికిత్స ఆపడం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వలన కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలో చేర్చింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచే హక్కును ఇచ్చింది. వ్యసన విముక్తి కోసం 14446, మానసిక సహాయం కోసం 14416 అనే ఉచిత నంబర్లు ఉన్నాయి. ఈ రెండింటినీ ప్రతి మస్జిద్ నోటీసు బోర్డుపై రాయించాలి.

నాలుగవది, పెళ్ళి చేస్తే మారిపోతాడనే మాట మానాలి. వ్యసనాన్ని దాచి ఒక ఆడపిల్ల జీవితాన్ని మందుగా వాడడం అన్యాయం, మోసం. ఇప్పటికే అటువంటి ఇంటిలో ఉన్న భార్యను, తల్లిని, పిల్లలను పలకరించాలి. వారిపై దెబ్బలు పడుతుంటే ఓర్పు వహించమని మాత్రమే చెప్పి తిరిగి రావడం సహాయం కాదు. వారికి రక్షణ కల్పించాలి. పేద కుటుంబమైతే ఫీజులకు, రేషనుకు జకాత్, సదఖాల ద్వారా ఏ పద్ధతిలో సహాయం చేయవచ్చో ఉలమాను అడిగి చేయాలి.

ఐదవది, తోడు ఇవ్వాలి. నూరు హత్యలు చేసిన వ్యక్తి కథ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. తౌబాకు అవకాశం లేదన్న సన్యాసి మాటతో అతని పాపం మరొకటి పెరిగింది. ద్వారం తెరిచే ఉందని చెప్పిన పండితుడు అంతటితో ఆగలేదు. ఆ చెడ్డ ఊరు విడిచి, మంచివారు అల్లాహ్‌ను ఆరాధించే ఊరికి వెళ్ళమని దారి చూపాడు. నేడు వ్యసనం నుండి బయటపడినవాడు ఏ ఊరికి వెళ్ళాలి? మన మస్జిదే అతనికి ఆ ఊరు కావాలి. సాయంత్రం అస్ర్ నుండి ఇషా వరకు, కోరిక లేచే ఆ వేళలో, అతనితో కూర్చోవడానికి ఇద్దరు మనుషులు ఉండాలి. మన వ్యాపారస్థులు అతనికి పని ఇవ్వాలి. మళ్ళీ జారితే, మొదటి రోజు పలికినట్లే మళ్ళీ పలకాలి.

చివరిగా, ఈ వ్యసనంతో పెనుగులాడుతూ ఈ వరుసలలో కూర్చున్న సోదరునికి ఒక మాట. నీవు ఎన్నిసార్లు జారినా అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దు. పదేపదే శిక్ష పొందిన అబ్దుల్లాహ్ (రజి) హృదయంలో ఉన్న ప్రేమ నీ హృదయంలోనూ ఉండవచ్చు. నీ తౌబా నిజమైనదే. దానితోపాటు చికిత్స కూడా ప్రారంభించు. ఈ రోజు నమాజు తర్వాత ఇమామ్ సాహెబ్‌ను గాని, నీవు నమ్మే ఒక పెద్దను గాని ఏకాంతంగా కలిసి, ఆ మాట నోటితో చెప్పు. నీతో నడవడం మా విధి.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను, మా వాడలను మత్తు నుండి కాపాడు. అందులో చిక్కుకున్న మా సోదరులకు, సోదరీమణులకు విముక్తి ప్రసాదించు. వారి తౌబాను స్వీకరించు, వారి శరీరాలకు స్వస్థతను, వారి సంకల్పానికి బలాన్ని ఇవ్వు. వారి తల్లుల కన్నీళ్ళను, వారి భార్యాబిడ్డల బాధలను తొలగించు. మా సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు సహాయపడేవారిగా మమ్మల్ని చేయకు. జారినవాణ్ణి లేవనెత్తే చేతులుగా మా చేతులను చేయి. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.